దయకి కూడా చదువు కావాలి

దయకి చదువెందుకండీ, మనసుంటే చాలదూ అని మనలో చాలామంది అనుకుంటాం. వంటకి చదువు కావాలి, కుట్టుపనికి చదువు కావాలి, ఆఖరికి ఆవకాయ పెట్టడానిక్కూడా పాళ్ళు తెలియాలి. ఉప్పు ఓ గుప్పెడు తగ్గితే జాడీ అంతా బూజు పడుతుంది. కానీ దయ మాత్రం పుట్టుకతో వచ్చేసిందనీ, ఎవరిమీద పడితే వాళ్ళమీద ఎలా పడితే అలా ఒంపేస్తే సరిపోతుందనీ మన నమ్మకం. ఈ నమ్మకంలో నిజమెంతో తెలుసుకోవడానికి వేదాంత గ్రంథాలు తిరగెయ్యక్కర్లేదు. మే నెలలో ఏ బెజవాడ వీధిలోనో, ఏ రాజమండ్రి అపార్ట్‌మెంటు మెట్ల దగ్గరో ఓ పది నిమిషాలు నిలబడితే చాలు.

అక్కడో బొచ్చుకుక్క కనిపిస్తుంది. మనందరం పొమరేనియన్ అని పిలుచుకునే తెల్లకుక్క. మొన్నటిదాకా అప్పుడే ఏకిన దూదికుప్పలా ఉన్నది కాస్తా, ఇప్పుడు చర్మందాకా గొరిగించుకుని, తోక చివర ఓ కుచ్చు మాత్రం మిగుల్చుకుని, గుమ్మం వెనకాల నక్కి ఉంటుంది. ఆ ఇంటావిడ దాని వీపు నిమురుతూ, “మనకే ఇంత ఉక్కగా ఉంటే ఆ బొచ్చులో దానికెంత ఉక్కగా ఉంటుందో పాపం! అందుకే శుభ్రంగా తీయించేశాను. ఇప్పుడు హాయిగా ఉంది” అంటుంది. ఆ మాటలో వంచన లేదు, గొప్పలకి పోవడం లేదు. ఆ కుక్కంటే ఆవిడకి నిజంగానే ప్రాణం. వందల రూపాయలు పోసి మరీ ఆ పని చేయించింది. అయినా ఆ కుక్కకి జరిగింది మేలు కాదు.

ఎంచేతంటే ఆ బొచ్చు మనం వేసుకునే స్వెట్టరు లాంటిది కాదు. దానికి రెండు పొరలుంటాయి. లోపలి పొర మెత్తగా, పొట్టిగా, ఉన్నిలా ఉంటుంది. పైపొర కాస్త బిరుసుగా, పొడుగ్గా ఉంటుంది. ఈ రెండింటి మధ్యా గాలి నిలబడుతుంది. ఆ గాలే చలికాలంలో వంటి వేడిని బయటికి పోనివ్వదు, ఎండాకాలంలో ఎండ వేడిని లోపలికి తొందరగా రానివ్వదు. ఇది మనకి తెలియని విద్యేమీ కాదు. మన తాతల నాటి తాటాకిల్లు చేసిన పని ఇదే కదూ? మందంగా నేసిన కప్పు కింద రోహిణీకార్తెలో కూడా చల్లగా ఉండేది. ఎండలు ముదిరాయి కదా, ఇంటికి పాపం ఉక్కపోస్తుంది అని కప్పు పీకేసిన మహానుభావుడు ఎవరైనా ఉన్నాడా?

పైగా కుక్కకి మనలా వళ్ళంతా చెమట పట్టదు. దానికి చెమట పట్టేది ముఖ్యంగా అరికాళ్ళ మెత్తల్లోనే. మిగతా వేడంతా నాలిక బయటపెట్టి రొప్పుతూ వదిలించుకోవాలి. అంచేత బొచ్చు తీసేసినా దాని చర్మానికి మనలా చెమట పట్టి చల్లబడే యోగం లేదు. తెల్లకుక్కల చర్మం చాలామటుకు లేత గులాబీరంగులో ఉంటుంది. ఎప్పుడూ ఎండ మొహం చూడని ఆ చర్మం కాస్త ఎండకే కమిలిపోతుంది. అన్నిటికన్నా విచారం ఏమిటంటే, ఈ జాతుల్లో ఒకసారి మొదలంటా గొరిగిన బొచ్చు కొన్నిటికి నెలల తరబడి రాదు. వచ్చినా అతుకులు అతుకులుగా వస్తుంది. కొన్నిటికి ఇంక మునుపటిలా రానే రాదు.

అలాగని బొచ్చుంది కదా, దానికి ఎండ దెబ్బే తగలదని అనుకోకూడదు. తగులుతుంది, అదీ తొందరగా తగులుతుంది. అది చల్లదేశపు వంగడం, మన ఎండలకి తయారైన ఒళ్ళు కాదు. నేను చెప్పేదల్లా, దానికి కావలసింది క్షవరం కాదనే. చల్లటి గచ్చు, ఫ్యాను గాలి, ఎప్పుడూ నిండుగా నీళ్ళున్న గిన్నె, పొద్దెక్కకముందూ పొద్దువాలాకా షికారూ, రాలిపోవలసిన లోపలి ఉన్నిని ఎప్పటికప్పుడు తీసేసే దువ్వెనా. దువ్వకుండా వదిలేస్తే ఆ ఉన్ని ఉండలు కట్టి తడిపిన కంబళిలా అయిపోతుంది. అప్పుడు గాలికి చోటుండదు. ఉక్కపొయ్యడం నిజంగా అప్పుడే. అలా జడలు కట్టినా, చర్మానికి జబ్బు చేసినా పశువుల డాక్టరుగారు కత్తిరించమంటే కత్తిరించాలి. అది వైద్యం. “ఉక్కగా ఉంటుందేమో పాపం” అని మనకి మనమే గొరిగించడం వైద్యం కాదు, ఊహ.

ఇదుగో, ఈ ‘పాపం’ దగ్గరే నాకు అసలు ప్రశ్న పుట్టింది. అన్ని ప్రాణుల్నీ నీలాగే చూడమని పెద్దలు చెప్పారు. నీకు ఏది బాధో ఎదుటివాళ్ళకీ అదే బాధ అనుకోమన్నారు. నీతి అంతా ఆ ఒక్క మాటలో ఉందనుకుంటూ మనం పెరిగాం. గొరిగించిన ఆవిడ చేసింది అచ్చంగా అదే! తనకి ఉక్కపోసింది, కుక్కకీ పోస్తుందనుకుంది. తనకి జుట్టు ముడేసుకుంటే హాయిగా ఉంది, కుక్కకీ జుట్టు తీయించింది. నీతిసూత్రం పొల్లు పోకుండా పాటించింది. కుక్కకి మాత్రం కీడే జరిగింది. అయితే సూత్రం తప్పా?

తప్పని నేననను. కానీ సగమే అంటాను. నాలాగే నీకూ నొప్పి ఉంటుంది అనుకోవడం మొదటి సగం. నీ నొప్పి నా నొప్పిలా ఉండకపోవచ్చు, అదెలా ఉంటుందో కనుక్కోవాలి అనుకోవడం రెండో సగం. మొదటి సగానికి మనసు చాలు. రెండో సగానికి ఓపిక కావాలి, కాస్త వంగి చూడటం కావాలి, ఎవరినైనా అడిగి తెలుసుకోవడం కావాలి. మనలో చాలామందిమి మొదటి సగం దగ్గరే ఆగిపోయి, పరీక్ష పాసయ్యామనుకుంటాం.

ఇంతకీ ఈ బొచ్చుకుక్క ఎవరో, ఎక్కణ్ణించి వచ్చిందో ఒక్కసారి విచారిద్దాం. సంబంధం చూసేటప్పుడు వంశం అడిగే జాతి కదా మనది!

యూరపులో బాల్టిక్ సముద్రం ఒడ్డున, ఇప్పటి జర్మనీ పోలెండు దేశాలు రెండింటిలోకీ వచ్చే పొమరేనియా అనే ప్రాంతం ఉంది. అక్కడి పాత స్లావు భాషలో ఆ పేరుకి ‘సముద్రం పక్కది’ అని అర్థం. అంటే ఈ పొమరేనియన్ కూడా కోస్తా మనిషే నన్నమాట! ముక్కు కోసుగా, చెవులు నిక్కబొడుచుకుని, తోక వీపుమీదికి తిరిగి, మెడ చుట్టూ ఒత్తుగా బొచ్చుండే కుక్కల్ని జర్మనులు స్పిట్జ్ అంటారు. కోసుదేలినది అని ఆ మాటకి భావం. మంచులో బళ్ళు లాగే సైబీరియా కుక్కలు దీనికి దూరపు చుట్టాలు. మూడో జార్జి భార్య షార్లెట్ రాణి జర్మనీ ఆడపడుచు. ఆవిడ 1767లో ఈ జాతి కుక్కల్ని రెండింటిని ఇంగ్లండుకి తెప్పించుకుంది. వాటి పేర్లు ఫీబీ, మెర్క్యురీ. ఆ కాలంలో గెయిన్స్‌బరో అనే చిత్రకారుడు ఈ కుక్కల్ని బొమ్మలు వేశాడు. ఆ బొమ్మలు చూస్తే మనం గుర్తుపట్టలేం. అవి ఇప్పటి పొమరేనియన్లకన్నా ఎన్నో రెట్లు పెద్దవి, బలమైనవి.

మరి ఇంత చిన్నవి ఎలా అయ్యాయీ అంటే, మన ముద్దువల్లే. షార్లెట్ రాణి మనవరాలు విక్టోరియా 1888లో ఇటలీలోని ఫ్లోరెన్సు వెళ్ళినప్పుడు మార్కో అనే చిన్నసైజు కుక్కని చూసి మోజుపడి తెచ్చుకుంది. రాణిగారికి చిన్నది నచ్చితే దేశంలో పెద్దది ఎవరికి నచ్చుతుంది? ఇంకా చిన్నది, ఇంకా చిన్నది అంటూ చిన్నవాటికి చిన్నవాటినే కలిపి, ఇవాళ కిలోన్నర నుంచి మూడు కిలోల మధ్య తూగే బొమ్మని చేశారు. 1901లో విక్టోరియా చనిపోయేటప్పుడు ఆవిడ మంచం మీద ఉన్నది కూడా టూరీ అనే పొమరేనియనే. అంత రాణికీ ఆఖరి గడియలో చేతికి తగలవలసింది కిరీటం కాదు, కాస్త వెచ్చటి బొచ్చు.

మనిళ్ళలో పొమరేనియన్ పేరుతో తిరిగేవి చాలామటుకు దీని పెద్దక్కలు, ఇండియన్ స్పిట్జ్ అనేవి. ఇంగ్లీషువాళ్ళు వెంట తెచ్చుకున్న కుక్కల సంతతి ఇక్కడ తరాల తరబడి పెరిగి, ఈ గాలికీ నీటికీ కాస్త అలవాటుపడింది. 1994లో వచ్చిన ‘హమ్ ఆప్‌కే హై కౌన్’లో, అదే మన తెలుగులో ‘ప్రేమాలయం’లో, క్రికెట్ ఆటకి అంపైరుగా కూర్చున్న టఫీని చూశాక ఏ ఇంట్లో పిల్లలు అలాంటి కుక్క కావాలని పేచీ పెట్టలేదు చెప్పండి?

సరదాగా చెప్పుకున్నాంగానీ, ఈ కథలో ఓ లెక్క ఉంది. దాన్ని చిన్నది చేసింది మనం. అలా చేసినందువల్ల దాని ఒంట్లో కొన్ని బలహీనతలు వచ్చాయి. ఈ చిన్న జాతుల్లో గొంతులోని గాలిగొట్టం మెత్తబడి నొక్కుకుపోవడం తరచుగా చూస్తారు. బాతు అరిచినట్టు దగ్గుతాయి. అందుకే మెడకి పట్టీ వేసి లాక్కుపోకుండా, ఛాతీ చుట్టూ వచ్చే పట్టీ వెయ్యమంటారు. మోకాలి చిప్ప పక్కకి జారుతుంది. అందుకే సోఫాల మీంచి దూకనివ్వకూడదు, ఒళ్ళు పెరగనివ్వకూడదు. చిన్న నోట్లో పళ్ళు ఇరుక్కుని తొందరగా పాడవుతాయి. అందుకే పళ్ళు తోమడం అలవాటు చెయ్యాలి. కుక్కకి పళ్ళు తోమడమేమిటని నవ్వకండి. అడవిలో తిరిగే జంతువు పళ్ళు మనం తోమక్కర్లేదు. మన ఒళ్ళో కూర్చోవడం కోసం మనం తయారుచేసుకున్న జంతువు పళ్ళు మరెవరు తోముతారు?

దయ అంటే దయతలిచి ఇచ్చేదనుకుంటాం. ఇష్టమైతే ఇస్తాం, లేకపోతే లేదు. కానీ ఒక ప్రాణిని మనమీద తప్ప ఇంకెవరిమీదా ఆధారపడలేనట్టు తయారుచేశాక, దానికి మనం చేసేది దయ కాదు, బాకీ తీర్చడం. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. దయ చేసేవాళ్ళు తల ఎత్తుకుని చేస్తారు. బాకీ తీర్చేవాళ్ళు లెక్క చూసుకుని తీరుస్తారు.

మన భారతం కుక్కతో మొదలై కుక్కతో ముగుస్తుందని గమనించారా? ఆదిపర్వం మొదట్లోనే సరమ అనే దేవతల కుక్క కథ వస్తుంది. దాని కొడుకు సారమేయుడు ఆడుకుంటూ జనమేజయుడు యజ్ఞం చేస్తున్న చోటికి వెళ్తే, రాజుగారి తమ్ముళ్ళు ఊరికే కొట్టి తరిమేస్తారు. అది దేన్నీ ముట్టుకోలేదు, ఎంగిలి చెయ్యలేదు. తల్లి సరమ నిండుసభకి వచ్చి, తప్పేమిటని రాజునే నిలదీస్తుంది. ఏ పాపమూ ఎరగని బలహీనుల్ని బాధపెట్టిన వాళ్ళకి ఎక్కణ్ణించి వస్తుందో తెలియని ఆపద వస్తుందని చెప్పిపోతుంది. ఇక చివర మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట భార్యా తమ్ముళ్ళూ ఒక్కొక్కరే పడిపోగా, ఆఖరిదాకా నడిచింది కుక్క. దాన్ని వదిలేసి రథమెక్కమంటాడు ఇంద్రుడు. నన్ను నమ్ముకుని వెంట వచ్చినదాన్ని వదిలి నాకు స్వర్గం అక్కర్లేదంటాడు ధర్మరాజు. ఆ కుక్క ఏ జాతిదో వ్యాసులవారు చెప్పలేదు. హస్తినాపురం నుంచి వెంటబడింది కాబట్టి ఊరకుక్కే అయి ఉంటుందని నా ఊహ. వెంట వచ్చింది అన్న ఒక్క మాట చాలింది ధర్మరాజుకి. మనమో, డబ్బు పెట్టి కొని మరీ వెంట తెచ్చుకుంటున్నాం!

తెచ్చుకున్నాక ఫిర్యాదులు మొదలవుతాయి. మొట్టమొదటి ఫిర్యాదు మొరుగుడు. పాలవాడొస్తే మొరుగుతుంది, లిఫ్టు తలుపు చప్పుడైతే మొరుగుతుంది, పైవాళ్ళ పిల్లాడు బంతి వదిలితే మొరుగుతుంది. అయ్యా, దాని పూర్వులకి మనిషి ఇచ్చిన ఉద్యోగమే అది! ఎవరైనా వస్తున్నారంటే చెప్పాలి. ఒళ్ళు చిన్నదైపోయింది గానీ బుద్ధి చిన్నదవలేదు. ఎదురుగా ఎంత పెద్ద కుక్క ఉన్నా తానే పెద్దననుకుంటుంది. చురుకైనది, చెప్పింది ఇట్టే పట్టేస్తుంది. ఇంట్లో ఒకరికి మరీ దగ్గరై మిగతావాళ్ళని కొంచెం దూరంగా ఉంచుతుంది. బొచ్చు పట్టుకు లాగే పసిపిల్లల్ని సహించదు. ఒంటరిగా వదిలేస్తే బెంగపెట్టుకుంటుంది. మొరిగినప్పుడల్లా కొడితే మొరగడం మానదు, మనల్ని చూసి బెదరడం నేర్చుకుంటుంది. “సరే, విన్నాను, ఇక చాలు” అన్నట్టు పిలిచి, ఊరుకున్న క్షణంలో ఓ చిన్న ముక్క నోట్లో పెడితే కొద్దిరోజుల్లో తెలుసుకుంటుంది. సారమేయుణ్ణి కొట్టిన రాజకుమారులకి ఈ ఓపికే లేకపోయింది.

మా వీధి చివర ఓ టీచరుగారున్నారు. రిటైరై చాలా ఏళ్ళయింది. భర్త పోయారు, కొడుకు దూరదేశంలో ఉన్నాడు. అమ్మకి తోడుంటుందని కొడుకే ఓ బొచ్చుకుక్కని తెచ్చి ఇచ్చి వెళ్ళాడు. సాయంత్రం నాలుగింటికి ఆవిడ వసారాలో పీట వేసుకుని, కుక్కని ఒళ్ళో పడుకోబెట్టుకుని, ఆడపిల్లకి జడ వేసినట్టు దువ్వుతారు. పైపైన కాదు. ఓ పాయ విడదీసి మొదలంటా దువ్వి, పక్క పాయకి వెళ్తారు. చెవుల వెనక, చంకల్లో, వెనక తొడల మీద బొచ్చు చిక్కుపడేచోట వేళ్ళతో విడదీస్తారు.

పక్కింటి కోడలు ఓ రోజు అడిగింది. “పిన్నిగారూ, ఎండాకాలం కదా, దీనికి గొరిగించేస్తే మీకీ చాకిరీ తప్పుతుందిగా?”

“వేపచెట్టుకి ఎండాకాలం ఆకులు కొట్టేస్తామా తల్లీ?” అన్నారావిడ. “చాకిరీ అంటావా, దువ్వుతుంటేనే కదా దాని ఒంట్లో ఏముందో నాకు తెలిసేది! మొన్న చెవి వెనక గోమారి దొరికింది. కిందటి నెల పొట్ట దగ్గర చెయ్యి వేస్తే ముడుచుకుంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే పుండు మొదలవుతోందన్నాడు. నోరులేనిదాన్ని ఏం నొప్పే అని అడగడానికి నాకింతకన్నా దారేదీ?”

దయకి చదువు కావాలన్నానే, ఆ చదువు ఇదే. పుస్తకాల్లో కొంత ఉంటుంది. మిగతాది వేళ్ళ చివర్లతో చదువుకోవాలి.

పుస్తకాల్లో ఉన్న నాలుగు ముక్కలు ఇక్కడే చెప్పేస్తాను. దువ్వడం వారానికి రెండు మూడుసార్లయినా ఉండాలి. స్నానం మూడు నాలుగు వారాలకోసారి చాలు, అదీ కుక్కల షాంపూతోనే. చిక్కులు తీశాకే నీళ్ళు పొయ్యాలి, లేకపోతే చిక్కు బిగుసుకుంటుంది. తరవాత మొదళ్ళు ఆరేదాకా తుడవాలి. మన కోస్తా వానాకాలంలో ఆ లోపలి ఉన్ని తడిగా ఉండిపోతే చర్మం పాచిపోయి పుండ్లు పడతాయి. షికారుకి తీసుకెళ్ళేముందు రోడ్డుమీద అరచెయ్యి పెట్టి చూడండి. మీరు కాసేపు ఉంచలేకపోతే దాని కాళ్ళూ ఉంచలేవు. మూసిన కారులో అయిదు నిమిషాలే కదా అని వదలకూడదు. విపరీతంగా రొప్పుతూ, చొంగ కారుస్తూ, చిగుళ్ళు ఎర్రబడి తూలుతుంటే వడదెబ్బ అన్నమాట. మామూలు చల్లటి నీళ్ళతో తడిపి, ఫ్యాను కింద పెట్టి, వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. పిచ్చికుక్క వ్యాధి రాకుండా టీకా మూడు నెలల వయసులో వేయించి, ఆ తరవాత డాక్టరు చెప్పిన గడువుకి మళ్ళీ మళ్ళీ వేయించడం దానికోసమే కాదు, వీధిలో పిల్లలందరి కోసం.

ఇక తిండి. ఇక్కడే మన చెయ్యి ఆగదు. మనం తింటుంటే అది చూస్తూ కూర్చుంటుంది, మనకి ముద్ద దిగదు. కానీ ఉల్లిపాయ, వెల్లుల్లి దాని రక్తానికి కీడు చేస్తాయి. ద్రాక్షపళ్ళూ కిస్‌మిస్సూ మూత్రపిండాల్ని దెబ్బతీస్తాయి. చాక్లెట్టు విషమే. ఉడికిన కోడి ఎముక పేళ్ళుగా విరిగి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. అంటే ఉల్లిపాయ కూర కలిపిన అన్నమూ, కిస్‌మిస్‌లేసిన పాయసమూ, పిల్లాడి పుట్టినరోజు చాక్లెట్టూ, మనం ప్రేమతో పెట్టేవన్నీ దానికి పనికిరానివే! అతిథి విస్తట్లో వద్దు వద్దంటున్నా వడ్డించే అలవాటు మనది. వద్దనడం కూడా రాని ప్రాణి దగ్గర ఆ అలవాటు ఎంత ప్రమాదమో ఆలోచించండి.

ఇంతదాకా చదివి, “బాగానే ఉందమ్మా, మనుషులకే దిక్కులేని దేశంలో కుక్కకి షాంపూలూ, పళ్ళు తోమడాలూనా?” అని ఎవరైనా అడగొచ్చు. అడగాలి కూడా. నేను చూసిన ఇళ్ళలో ఓ ఇల్లుంది. కుక్కకి ఏ.సి. గదిలో మెత్తటి పరుపు, పూటకో రకం తిండి. ఆ కుక్క గిన్నె కడిగే పనిమనిషికి నిన్నటి అన్నం, కాఫీకి వేరే గ్లాసు, కూర్చోడానికి నేల. ఆ పనిమనిషి ఓ రోజు కుక్కని చూసి నవ్వుతూ, “వచ్చే జన్మకి మీ ఇంట్లో కుక్కగా పుడితే చాలమ్మా” అంది. ఇంటావిడ అది మెప్పనుకుని మురిసిపోయింది. నాకు మాత్రం చేతిలో కాఫీ చేదెక్కింది.

అయితే దీనికి జవాబు కుక్క పరుపు లాగెయ్యడమేనా? పరుపు తీసేస్తే పనిమనిషికి కుర్చీ వస్తుందా? రాదు. ఆవిడకి కుర్చీ లేకపోవడానికి కారణం కుక్క కాదు. ఎవరి అవసరం ఎలాంటిదో వంగి చూసే అలవాటు ఆ ఇంట్లో లేకపోవడం. నిజానికి ఆ కుక్కనీ వాళ్ళు చూడటం లేదు. దాని అందం చూస్తున్నారు, వచ్చినవాళ్ళు “అబ్బ, ఎంత ముద్దుగా ఉందో!” అనడం చూస్తున్నారు. చూడటమంటూ నిజంగా వస్తే అది ఒక్క గదిలో ఆగదు. దీపం ఒక మూల పెట్టినా వెలుతురు గదంతా పడుతుంది కదా! కుక్క మూలుగు తెలిసిన చెవికి పనిమనిషి నవ్వులో ఉన్న ముల్లు తెలియకపోతే, ఆ చెవికి ఇంకా చదువు రాలేదన్నమాట.

డబ్బు సంగతి వేరు. చూపు పంచితే తరగదు గానీ డబ్బు తరుగుతుంది. డాక్టరు ఖర్చులు భరించలేనివాళ్ళూ, రోజూ ఓ అరగంట దువ్వెన పట్టుకోలేనివాళ్ళూ, భార్యాభర్తలిద్దరూ పొద్దున్న వెళ్ళి రాత్రికి వచ్చేవాళ్ళూ ఈ కుక్కని తెచ్చుకోకపోవడమే మంచిది. తెచ్చుకోకపోవడం కూడా దయే. గేటు దగ్గర పడుకునే వీధికుక్కకి ఇంత అన్నం పెట్టి, టీకాకి సాయపడితే, పుణ్యమంటూ ఉంటే అంతకి అంతా వస్తుంది.

తోడు కోసం పెద్దవాళ్ళకి కుక్కని కొనిపెట్టే పిల్లలకి కూడా ఒక మాట. ఇవి పన్నెండు నుంచి పదహారేళ్ళదాకా బతుకుతాయి. అరవై అయిదేళ్ళ అమ్మకి తోడిచ్చామంటే, ఎనభై ఏళ్ళ అమ్మకి ఓ ముసలి కుక్క బాధ్యత కూడా ఇచ్చినట్టే. ఆ పైన ఎవరు చూస్తారో ముందే అనుకోవాలి. పెద్దావిడ పోయాక, ఇల్లు అమ్మేశాక, ఆ కుక్కని ఊరి చివర వదిలేసి వచ్చినవాళ్ళున్నారు. వీధికుక్కకి వీధి తెలుసు. దీనికి తెలిసింది ఒక వసారా, ఒక ఒడి. ఆ బొచ్చు నాలుగు వారాల్లో జడలు కడుతుంది, గోమార్లు పడతాయి, మిగతా కుక్కలు దగ్గరికి రానివ్వవు. సైబీరియా చలిని తట్టుకున్న వంశంలో పుట్టి, మనుషుల ముద్దు తట్టుకోలేక చచ్చిపోతుంది.

ఇదంతా ఓ కుక్క గురించేనా అంటే, నాకూ అనుమానమే. ముప్ఫై ఏళ్ళుగా సంసారం చేస్తూ, తన భర్తకి ఏ కూర ఇష్టమో ఇప్పటికీ తన ఇష్టంతోనే కొలిచే ఇల్లాళ్ళున్నారు. చలేస్తోందని తను శాలువా కప్పుకుని, చెమటలు పడుతున్న పసివాడికి మూడు దుప్పట్లు కప్పే నాయనమ్మలున్నారు. నేను చదువుకోలేకపోయాను, నువ్వు చదవాలి అంటూ కూతురికి తన తీరని కోరికని మోయించే తల్లులున్నారు. మతిమరుపు వచ్చిన అమ్మని, “అదేమిటమ్మా, నిన్ననే చెప్పానుగా!” అని కసిరే పిల్లలున్నారు. వీళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. అందరూ ప్రేమించేవాళ్ళే. ఎదుటివాళ్ళ ఒంటిమీద ఉన్నది తమ బొచ్చు కాదని తెలుసుకోనివాళ్ళు, అంతే.

మనుషులైతే ఎప్పుడో ఒకప్పుడు నోరు విప్పి “నాకిది వద్దు” అంటారు. కోడలు కసురుకుంటుంది, పిల్లాడు దుప్పటి తన్నేస్తాడు, కూతురు ఉత్తరం రాసిపెట్టి వెళ్ళిపోతుంది. కుక్క ఏమీ అనదు. గొరిగించినా తోకే ఆడిస్తుంది, తిననివి పెట్టినా తోకే ఆడిస్తుంది, ఆలస్యంగా వచ్చినా తోకే ఆడిస్తుంది. ఆ తోకని చూసి మనం బాగానే చేస్తున్నామనుకోవడం చాలా తేలిక. అందుకే అది మనకి కష్టమైన పరీక్ష. తప్పు చేశావని చెప్పేవాళ్ళు ఎదురుగా లేనప్పుడు కూడా ఒప్పేమిటో కనుక్కోవడం తప్ప దీనికి మరో దారి లేదు.

మన భాష అది కొంత నేర్చుకుంది. రా అంటే వస్తుంది, వద్దంటే ఆగుతుంది, మన అడుగు చప్పుడు గుమ్మం అవతలే గుర్తుపడుతుంది. దాని భాష నేర్చుకునే వంతు ఇంక మనది.